బ్రేకు తర్వాతే ఎత్తు: పాత ఫోర్‌వీల్ బళ్ల ఇంటి మరమ్మతుపై సమీక్ష

పాత జీపు కొన్నవాళ్లు మొదట అడిగే ప్రశ్న ఒకటే: ఎంత ఎత్తు లేపవచ్చు, ఎంత పెద్ద టైరు పడుతుంది? ముప్పై నలభై ఏళ్లు నలిగిన బండి విషయంలో ఇది చివర అడగాల్సిన ప్రశ్న. ఛాసిస్ నిలబడుతుందా, బండి ఆగుతుందా, చెప్పిన వైపు తిరుగుతుందా, వేడెక్కకుండా ఉంటుందా అన్నవి తేలాకే ఎత్తు గురించి మాట్లాడాలి. ఇంటి దగ్గర జరిగే మరమ్మతుల్లో, మార్పుల్లో ఎక్కువ భాగం దెబ్బతినేది పనితనం లేక కాదు, పని వరస తలకిందులై. ఈ వ్యాసం ఆ వరస గురించే.

ముందు వంశవృక్షం చూద్దాం. రెండో ప్రపంచయుద్ధం ముగిశాక అమెరికాలో మిగులు జీపులు రైతుల చేతికీ వేటగాళ్ల చేతికీ వచ్చాయి. రోడ్డు మీద ముందు ఇరుసు ఊరికే తిరుగుతూ పెట్రోలు తాగుతోందని గమనించి, ఆర్థర్ వార్న్ 1948లో ముందు చక్రాలను ఇరుసు నుంచి విడదీసే హబ్బులు తయారుచేశాడు. జీపు కోసం బయటివాళ్లు చేసిన విడిభాగాల వ్యాపారం అలా ఊపందుకుంది. 1953లో కాలిఫోర్నియాలోని రూబికాన్ దారి మీద తొలి జీపర్స్ జాంబొరీ జరిగింది. బండిని ఇంట్లో మార్చుకుని రాళ్ల మీద పరీక్షించే అలవాటు అక్కడ స్థిరపడింది. మన దేశంలో కథ వేరు. 1940ల చివర్లో మహీంద్రా విల్లీస్ జీపులను ఇక్కడ బిగించడం మొదలుపెట్టింది. అమెరికాలో 1953లో వచ్చిన ఎత్తు బానెట్టు సీజే త్రీ బీ జీపు అక్కడ కనుమరుగయ్యాక కూడా దశాబ్దాల పాటు మన దగ్గర తయారవుతూనే ఉంది. జబల్‌పూర్ వెహికల్ ఫ్యాక్టరీ నిస్సాన్ పెట్రోల్ ఆధారంగా సైన్యానికి జోంగా అనే బండి చేసింది. 1985లో మారుతి జిప్సీ వచ్చింది. సైన్యం వేలంలో వదిలేసిన బళ్లు హర్యానాలోని దబ్వాలీ లాంటి ఊళ్లకు చేరి, అక్కడ కొత్త ఒళ్లు తొడుక్కుని దేశమంతా తిరిగాయి. అమెరికాలో మార్పు సరదా నుంచి పుట్టింది. మన దగ్గర ఎక్కువగా అవసరం నుంచి పుట్టింది.

ఆ అవసరం ఎలాంటిదో చూడాలంటే పాడేరు, చింతపల్లి వైపు తిరిగిన మహీంద్రా కమాండర్ జీపులను చూడాలి. బస్సు వెళ్లని ఘాట్లలో జనాన్నీ పసుపు బస్తాలనూ మోసిన బళ్లవి. వాటి డ్రైవర్లు కమాన్ పట్టీ విరిగితే దారిలోనే కట్టు కట్టి నడిపించారు. క్లచ్ ప్లేటు చెట్టు కిందే మార్చారు. వాళ్లు చేసినవన్నీ మంచి మార్పులు అనను. పట్టీల మీద పట్టీలు వేసి మోయకూడని బరువు మోయించారు, దానికి మనుషులు మూల్యం చెల్లించారు. కానీ ఏ భాగం ముందు అరుగుతుందో, అరిగినప్పుడు ఎలా మోగుతుందో వాళ్లకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. హైదరాబాదు అపార్టుమెంటు సెల్లార్లో జిప్సీ విప్పుకుని కూర్చున్న కుర్రాడికి దొరకాల్సిన చదువు అది.

ఈ బళ్లు ఇంటి దగ్గర విప్పడానికి ఎందుకు లొంగుతాయంటే వాటి నిర్మాణం కళ్లెదుటే కనబడుతుంది. నిచ్చెన ఆకారపు ఛాసిస్, దాని మీద బోల్టులతో నిలిచిన బాడీ, కింద కమాన్ పట్టీల మీద రెండు గట్టి ఇరుసులు. ఇంజిన్ చుట్టూ చేయి పెట్టేంత చోటు. సీజే త్రీ బీలోని 2,199 సీసీ పెట్రోలు ఇంజిన్‌లో గాలి లోపలికి వెళ్లే వాల్వులు హెడ్‌లోనూ, పొగ బయటికి పోయే వాల్వులు బ్లాకులోనూ ఉంటాయి. ఆ ఇంజిన్ ఎత్తు వల్లే బానెట్టు అంత పైకి లేచింది. తర్వాత వచ్చిన ఎంఎం 540 లాంటి బళ్లలో ప్యూజో డీజిల్ ఎక్స్‌డీపీ 4.90 కూర్చుంది. నాలుగు సిలిండర్లు, 90 మిల్లీమీటర్ల బోరు. పేరులోనే లెక్క ఉంది, 2,112 సీసీ. ఈ కలయిక ఇంటి మెకానిక్కుకు ఒక చిక్కు తెచ్చింది: అమెరికా వంశపు ఇరుసులకు అంగుళాల కొలత నట్లు, ఫ్రెంచి వంశపు ఇంజిన్‌కు మిల్లీమీటర్ల నట్లు. అర అంగుళం నట్టు మీద 13 నంబరు పానా వేస్తే 0.3 మిల్లీమీటరు వదులు ఉంటుంది. ఒకటి రెండుసార్లు వస్తుంది, మూడోసారి నట్టు మూలలు అరిగి గుండ్రమవుతాయి. పాత మహీంద్రా బండి కొనేవాళ్లు టైర్ల కంటే ముందు రెండు కొలతల పానా సెట్లు కొనాలి.

ఇక ఛాసిస్. విశాఖ, కాకినాడ వైపు సముద్రపు గాలి తిన్న బండికీ, అనంతపురం ఎండలో ఎండిన బండికీ వయసు ఒకటే అయినా బతుకు ఒకటి కాదు. తుప్పు పైకి కనిపించే చోట కంటే కనిపించని చోటే ఎక్కువ తింటుంది: ఛాసిస్ పెట్టె లోపల పేరుకున్న బురద, బాడీ మౌంట్ల కింద చిక్కిన తడి, వెనక కమాను బిగించిన చోటు, స్టీరింగ్ బాక్సు కూర్చున్న పట్టీ. చిన్న సుత్తితో పొడుగునా తట్టుకుంటూ పోతే గట్టి ఇనుము మోగుతుంది, తిన్న ఇనుము మందంగా పలుకుతుంది. కొత్తగా నల్లరంగు కొట్టిన ఛాసిస్‌ను చూసి మురిసిపోకూడదు, అనుమానించాలి. పగులు కనిపిస్తే దాని మీదే అడ్డంగా వెల్డింగ్ గీత గీయడం మన షెడ్లలో రివాజు. ఆ గీత పక్కనే ఇనుము గట్టిపడి పెళుసై, ఏడాది తిరక్కుండా అక్కడే మళ్లీ పగులుతుంది. పగులు చివర్లలో చిన్న రంధ్రం వేసి, అది ఇంకా పాకకుండా ఆపి, పూడ్చి, దాని మీద వజ్రం ఆకారంలో కోసిన పలక వేసి, వెల్డింగ్ ఛాసిస్‌కు అడ్డంగా రాకుండా ఏటవాలుగా నడిపించాలి. వెల్డింగ్‌కు ముందు బ్యాటరీ, ఆల్టర్నేటర్ వైర్లు విప్పేయాలి. పెట్రోలు ట్యాంకు దగ్గర నిప్పు పని ఇంట్లో వద్దే వద్దు. ఖాళీ ట్యాంకులో మిగిలిన ఆవిరి నిండు ట్యాంకు కంటే ప్రమాదం.

బ్రేకుల దగ్గర కాస్త ఎక్కువసేపు నిలబడాలి. పాత జీపుల్లో చాలావాటికి నాలుగు చక్రాలకూ డ్రమ్ములే, వాటన్నిటికీ కలిపి ఒకే మాస్టర్ సిలిండర్, ఒకే గొట్టాల వలయం. ఒక వీల్ సిలిండర్‌లో రబ్బరు కప్పు చిరిగితే నాలుగు చక్రాల బ్రేకూ పోతుంది. పెడల్ నేల తాకుతుంది, బండి పోతూనే ఉంటుంది. ఇంటి దగ్గర చేసే మార్పుల్లో అన్నిటికంటే విలువైనది, ఎవరూ ఫొటో తీయనిది, రెండు అరల మాస్టర్ సిలిండర్ వేసి ముందు వెనక వలయాలను విడదీయడమే. ముందు డిస్కులు వేయడం దాని తర్వాతి మెట్టు. నీళ్లలో దిగి లేచిన డ్రమ్ములో షూ తడిసి జారుతుంది, డిస్కు త్వరగా ఆరుతుంది. కానీ డ్రమ్ముల కోసం చేసిన పాత మాస్టర్ సిలిండర్ గొట్టంలో కొంత ఒత్తిడిని నిలబెట్టే వాల్వు ఉంటుంది. దాన్ని అలాగే ఉంచి డిస్కు బిగిస్తే ప్యాడ్లు ఎప్పుడూ రుద్దుకుంటూనే ఉంటాయి, పది కిలోమీటర్లలో చక్రం చేయి పెట్టలేనంత వేడెక్కుతుంది. డిస్కు వేశాం కదా అని సంబరపడే చోటే ఈ తప్పు జరుగుతుంది.

బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీలుస్తుంది. రెండేళ్లకోసారి పూర్తిగా తీసేసి కొత్తది పోయాలి. తేమ చేరిన ఆయిల్ ఘాటు దిగేటప్పుడు మరిగి, ఆవిరి బుడగలు చేరి, పెడల్ మెత్తబడుతుంది. అందులో పొరపాటున ఇంజిన్ ఆయిల్ చుక్క పడినా రబ్బర్లన్నీ ఉబ్బిపోతాయి. డ్రమ్ములోని దుమ్మును నోటితో ఊదడం, కంప్రెసర్ గాలితో కొట్టడం మన షెడ్లలో పరిపాటి. పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండేది. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరి దశాబ్దాల తర్వాత ప్రాణం తీస్తుంది. తడి గుడ్డతో తుడిచి, ఆ గుడ్డను కవర్లో కట్టి పారేయాలి. దీనికి ఖర్చు లేదు, అలవాటు మారాలి అంతే.

ఇప్పుడు టైరు లెక్క. జిప్సీ కింగ్‌కు కంపెనీ ఇచ్చిన 205/70 ఆర్ 15 టైరు వ్యాసం సుమారు 668 మిల్లీమీటర్లు. అందరూ ఇష్టపడి వేసే 235/75 ఆర్ 15 వ్యాసం సుమారు 733. అంటే దాదాపు పది శాతం పెద్దది. దీనితో మూడు మార్పులు ఒకేసారి వస్తాయి. గేర్లన్నీ పది శాతం పొడవై, ఎత్తెక్కేటప్పుడు ఇంజిన్ ఊపిరి సలపక క్లచ్ మీద భారం పడుతుంది. స్పీడోమీటరు 60 చూపితే బండి 66లో పోతుంటుంది. డ్రమ్ము అదే అయినా చక్రం చుట్టు పెరిగినందున నేల మీద బ్రేకు పట్టు కూడా అదే నిష్పత్తిలో తగ్గుతుంది. 31 అంగుళాల టైరుకు పోతే ఈ తేడా దాదాపు 18 శాతం. బాడీకి తగలకుండా ఎంత పెద్ద టైరు పడుతుందన్న ప్రశ్నకు టేపు చాలు. ఆ టైరును బండి మోయగలదా అన్నదానికి ఈ మూడూ చూడాలి. నా మటుకు జిప్సీకి 235 దగ్గర ఆగడం వివేకం. ఆ పైన వేయదలచుకుంటే క్రౌన్ పినియన్ నిష్పత్తి, బ్రేకులు రెండూ మార్చాకే వేయాలి.

టైరు ట్రెడ్డు కూడా నేలను బట్టి ఉండాలి. గుంటూరు, కర్నూలు రేగడిలో వాన పడ్డాక దగ్గర దగ్గర బొడిపెల టైరు రెండు చుట్లలోనే మట్టితో నిండి నున్నటి చక్రమవుతుంది. అక్కడ ఎడం ఎక్కువున్న, పాత జీపుల 6.00-16 లాంటి సన్నటి టైరే అడుసును చీల్చుకుని గట్టి నేలను అందుకుంటుంది. గోదావరి ఇసుకలో దీనికి పూర్తిగా విరుద్ధం: గాలి తగ్గించి టైరు నేల మీద పరుచుకునేలా చేయాలి. తిరిగి రోడ్డెక్కే ముందు గాలి నింపాలి. నింపడానికి చిన్న కంప్రెసర్ లేకపోతే తగ్గించే పనే పెట్టుకోకూడదు.

ఎత్తు లేపడంలో చౌకగా కనబడే దారి ఇరుసు కింద ఉన్న కమాన్ కట్టను ఇరుసు పైకి మార్చడం. జిప్సీలోనూ పాత జీపుల్లోనూ కట్ట ఇరుసు కిందే ఉంటుంది కాబట్టి ఒక్క దెబ్బతో సుమారు ఐదు అంగుళాలు లేస్తుంది. అంతటితో పని అయిపోదు, అక్కడి నుంచి మొదలవుతుంది. ప్రొపెల్లర్ షాఫ్టు కోణం పెరిగి యూనివర్సల్ జాయింట్లు వణుకుతాయి. స్టీరింగ్ డ్రాగ్ లింక్ ఏటవాలై, గతుకు తగిలినప్పుడల్లా చక్రం తనంతట తాను పక్కకు తిరుగుతుంది. బ్రేకు గొట్టాలు చాలక చక్రం వేలాడినప్పుడు బిగుసుకుంటాయి. గట్టిగా ఎక్సిలరేటర్ తొక్కితే కట్ట ఎస్ ఆకారంలో మెలిపడుతుంది. ముందు ఇరుసు వాలు తప్పితే ఒకానొక వేగంలో చక్రాలు ఉన్నట్టుండి కొట్టుకుని స్టీరింగ్‌ను చేతుల్లోంచి లాక్కుంటాయి. ఇవన్నీ సరిచేసే ఓపిక, డబ్బు ఉన్నవాళ్లే దాని జోలికి పోవాలి. ఇక బరువు పైకి లేచినా చక్రాల మధ్య వెడల్పు పెరగలేదు కాబట్టి పక్కకు ఒరిగే గుణం పెరుగుతుంది. మారుతి సంస్థే 1993లో జిప్సీకి చేసిన మార్పు ఏమిటో గుర్తుంచుకోవాలి: ఎత్తు లేపలేదు, చక్రాల మధ్య వెడల్పు పెంచింది. అరిగిన పట్టీలు తీసి మంచి పట్టీలు, కొత్త బుష్షులు, సరైన షాక్ అబ్సార్బర్లు వేస్తే అణగారిన బండి దానంతట అదే లేచి నిలబడుతుంది. చాలామందికి కావాల్సిన ఎత్తు అదే.

ఇంజిన్ మార్పు గురించి క్లుప్తంగానే చెబుతాను. పాత పెట్రోలు జీపులో డీజిల్ కూర్చోబెట్టడం ఒకప్పుడు ఇంధన ధరల వల్ల ఊరూరా జరిగింది. ఈనాడు అది కాగితాల చిక్కు. ఉన్న ఇంజిన్‌ను బోరింగ్ చేయించి, కొత్త లైనర్లు, పిస్టన్లు వేయించి నిలబెట్టడమే మేలు. హెడ్ దించడం, ట్యాపెట్లు సరిచూడడం, డీజిల్ గొట్టంలో చేరిన గాలి తీయడం ఇంటి పనులే. బోరు కొలత, క్రాంకు సాన, మైకో డీజిల్ పంపు, నాజిళ్ల పని మాత్రం ఆ యంత్రాలున్న షాపులకే వదిలేయాలి. కార్బురేటర్ బళ్లకు ఇప్పుడు కొత్త సమస్య ఉంది. పెట్రోల్లో ఎథనాల్ 20 శాతానికి చేరాక పాత రబ్బరు గొట్టాలు, పంపు డయాఫ్రాములు, గ్యాస్కెట్లు ఉబ్బి చిట్లుతున్నాయి. నెలల తరబడి నిలిపిన బండి ట్యాంకులో నీరు చేరి తుప్పు పడుతోంది. గొట్టాలన్నీ ఎథనాల్‌కు తట్టుకునే రకంతో మార్చడం ఈనాటి పాత పెట్రోలు జీపుకు మొదటి పది పనుల్లో ఒకటి.

చట్టం దగ్గరికి వస్తే చాలామందిలో రెండు అపోహలు: ఏదీ మార్చకూడదని కొందరు, ఎవరూ పట్టించుకోరని మరికొందరు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు మొదట చెప్పినవాటికి భిన్నమయ్యేలా యజమాని బండిని మార్చకూడదు. 2019 జనవరిలో కేరళ నుంచి వచ్చిన కేసులో సుప్రీంకోర్టు దీన్నే గట్టిగా చెప్పింది. అదే ఏడాది చట్టసవరణతో, అనుమతిలేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా లేదా ఆరు నెలల వరకు జైలు లేదా రెండూ వచ్చాయి. ముందు బిగించే ఇనుప గార్డులు తీయించాలని కేంద్రం 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకు చెప్పింది. పాదచారిని ఢీకొట్టినప్పుడు అవి చేసే హాని చూస్తే ఆ నిర్ణయం సరైనదే. పదిహేనేళ్లు దాటిన బండికి రిజిస్ట్రేషన్ ఐదేళ్లకోసారి తిరిగి చేయించుకోవాలి. 2022 ఏప్రిల్‌లో ఆ రుసుము కారు తరగతికి 5,000కు పెరిగింది. 2021లో వచ్చిన వింటేజ్ నిబంధనలు 50 ఏళ్లు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజిన్ పెద్దగా మారని బళ్లకే. రోజూ తిప్పడానికి కూడా కాదు. మన పాత జీపుల్లో చాలావాటికి ఆ తలుపు మూసే ఉంది.

నాకు చట్టం మీదున్న అభ్యంతరం అది కఠినమని కాదు. భద్రత పెంచే మార్పుకూ తగ్గించే మార్పుకూ తేడా చూపే దారి సామాన్యుడికి అందుబాటులో లేకపోవడం. బ్రిటన్‌లో పూర్తిగా మార్చిన బండికి పాయింట్లు లెక్కించేవారు. మార్చని ఛాసిస్‌కు ఐదు, సస్పెన్షన్‌కు, ఇరుసులకు, గేరుబాక్సుకు, స్టీరింగ్‌కు తలా రెండు, ఇంజిన్‌కు ఒకటి. ఎనిమిదికి తగ్గితే పాత నంబరు దక్కేది కాదు, కొత్తగా తనిఖీకి వెళ్లాల్సి వచ్చేది. జర్మనీలో మార్పును ఇంజినీరు పరీక్షించి బండి కాగితాల్లోనే ఎక్కిస్తాడు. అలాంటి తనిఖీ మన దగ్గర ఉంటే, రెండు అరల మాస్టర్ సిలిండర్ వేసుకున్న మనిషి ధైర్యంగా చూపించుకుంటాడు, ఐదంగుళాలు లేపినవాడు సరిదిద్దుకుంటాడు. అది వచ్చేదాకా ఇంటి మెకానిక్కు ముందున్న క్షేమకరమైన దారి ఒకటే: కంపెనీ భాగాల స్థానంలో అదే పనిచేసే మంచి భాగాలు. బండి కొనేటప్పుడు ఇంజిన్, ఛాసిస్ నంబర్లు ఆర్సీతో అక్షరం అక్షరం సరిచూడాలి. సైన్యం వేలం నుంచి వచ్చి చేతులు మారిన బండి కాగితాలు సరిగా లేకపోతే ఎంత చౌకైనా వదిలేయడమే మంచిది.

ఇంటి దగ్గర పని చేసేవాళ్ల ప్రాణభద్రత గురించి ఒక్క మాట. జాకీ బండిని లేపడానికే, నిలపడానికి కాదు. కింద దూరే ముందు ఇనుప స్టాండులు పెట్టాలి. ఇటుకలు, సిమెంటు దిమ్మెలు బరువుకు ఉన్నట్టుండి పగులుతాయి. చక్రాలకు అడ్డు పెట్టి, బండిని ఒకసారి ఊపి చూసి, అప్పుడు కిందికి పోవాలి.

విడిభాగాల సంగతి అనుకున్నంత చీకటిగా లేదు. జిప్సీ పౌరులకు అమ్మడం 2019లో ఆగినా దేశంలో తిరిగే బళ్లు ఎక్కువ కాబట్టి భాగాలు ఇంకా దొరుకుతున్నాయి. మహీంద్రా పాత ఇరుసుల సామాను ఢిల్లీ కశ్మీరీ గేటు నుంచి మన ఊళ్ల దుకాణాల వరకు వస్తోంది. బేరింగులు, ఆయిల్ సీళ్లు కంపెనీ పేరుతో కాక, వాటి మీద చెక్కిన నంబరుతో అడిగితే సికింద్రాబాదు రాణిగంజ్‌లో దొరుకుతాయి. ధర కూడా తగ్గుతుంది. దొరకని బుష్షు లేత్ షాపులో చేయించుకోవచ్చు. విజయవాడ ఆటోనగర్‌లో లారీల పని చేసే చేతులకు జీపు కమాన్ కట్ట కొత్తగా వంచి ఇవ్వడం చిన్న పని.

కొరవడుతున్నది రాత. వర్క్‌షాప్ మాన్యువళ్లు ఇంగ్లీషులో ఉన్నాయి. తెలుగులో ఉన్నదంతా షెడ్లలో పెద్ద మేస్త్రీల నోట్లో ఉంది, వాళ్లలో చాలామంది పని మానేస్తున్నారు. అందుకే ముందు చక్రం పక్కకు తిరిగే కింగ్‌పిన్ విప్పేవాళ్లు పైన ఎన్ని షిమ్ములు, కింద ఎన్ని, ఏ మందంవి, బిగించాక స్ప్రింగ్ త్రాసుతో లాగితే చక్రం ఎన్ని కిలోల దగ్గర కదిలింది అన్నది తెలుగులో రాసి, తేదీ వేసి, బండి కాగితాలతో పాటే ఉంచాలి. ఆ బండి రేపు ఎవరి చేతికి పోయినా ఆ కాగితం వెంట పోవాలి.